క్షేమం అట్ట

మా ఇంట్లో ఒక గది అడవి. హాలు దాటి ఎడమకు తిరిగితే వస్తుంది. అందులో మంచు కురుస్తుంది, బురద ఎగురుతుంది, దారి పక్కన చెట్లు మీదికి ఉరికొస్తాయి. అంతా టేబుల్ మీది కంప్యూటర్ తెరలోనే. తెర ముందు పాత కారులోంచి పీకుకొచ్చిన సీటు, టేబుల్‌కు బోల్టులతో బిగించిన స్టీరింగ్, కాళ్ల దగ్గర మూడు పెడళ్లు, పక్కన మోకాలెత్తు హ్యాండ్ బ్రేక్. తెర పైన అసలు కారు అద్దం కూడా ఒకటి తగిలించాడు. అందులో వెనక గది గుమ్మం తప్ప ఇంకేమీ కనిపించదు. అయినా అద్దం లేకపోతే కారు కాదట. ఆ సీటులో నా కొడుకు బెల్టు పెట్టుకుని కూర్చుంటాడు. ఇంట్లో కుర్చీలో కూర్చోడానికి బెల్టు పెట్టుకునే మనిషిని కన్నాను నేను. ఎవరితో చెప్పుకోను?

ఆట అంటే వాడికి ఒళ్లు మండుతుంది. "ఆట కాదమ్మా, సిమ్యులేషన్. ఆటలు చిన్నపిల్లలు ఆడతారు," అంటాడు. చిన్నపిల్లలు ఆకలేస్తే ఆట ఆపి అన్నానికి వస్తారు కాబట్టి, ఆ తేడా నేనూ ఒప్పుకుంటాను.

ఇది ర్యాలీ అట. అందరూ ఒకేసారి పరిగెత్తరు. అడవిదారిలో ఒకరి వెనక ఒకరు, కాస్త ఎడంగా బయలుదేరతారు. ఎవరు తక్కువ సమయంలో చేరితే వాళ్లు గెలిచినట్టు. పక్క సీటులో దారి చెప్పే మనిషి ఉన్నట్టు స్పీకరులో ఒక గొంతు వినిపిస్తుంది. "కుడి మలుపు, బిగుస్తుంది, జాగ్రత్త," అంటుంది. అది అనడమే ఆలస్యం, వీడి కాలు బ్రేకు మీద ఉంటుంది. ఎందుకు, ఏమిటి అని ఎదురు ప్రశ్న వేయడు. నా కోడలు పెళ్లయిన నాటి నుంచి ఇంటి సంగతులు చెబుతూనే ఉంది, ఏ ఒక్కటీ ఆ చెవుల దాకా చేరలేదు. ఆమె మలుపుల భాషలో చెప్పలేదు మరి, పాపం.

వీడి ఉద్యోగం కూడా చెప్పాలి. ఫ్రిజ్‌లు బాగుచేసే కంపెనీలో ఫోన్లు ఎత్తుతాడు. కరిగిన ఐసు నేలంతా కారుతోందని ఎవరో గోల పెడుతుంటే, "మీ సమస్య మాకు ముఖ్యం, లైనులో ఉండండి," అని పాట పెట్టి టీ తాగడానికి వెళ్తాడు. అందులో వాడికి బహుమతి కూడా వచ్చింది.

వీడిలాంటి వాళ్లంతా కలిసి ఒక క్లబ్ పెట్టుకున్నారు. దానికొక అధ్యక్షుడు, ఒక కమిటీ. అధ్యక్షుడికి కళ్లజోళ్ల షాపుంది. ఆయనకు నిజం పిచ్చి. నిజం ర్యాలీలో ఏముంటే ఇక్కడా అది ఉండాలి. కారు చెట్టుకు గుద్దుకుంటే బటన్ నొక్కి మళ్లీ మొదలెట్టడానికి వీల్లేదు. అసలు అడవిలో కారు చెడితే ఇంటికి ఎగిరి రాలేం కదా, అందుకని చివరి కారు దాటి వెళ్లేదాకా ఆ సీటులోనే కూర్చోవాలి. లేవకూడదు, ఫోను ముట్టకూడదు, బయటివాళ్లతో మాట్లాడకూడదు. ఎదురుగా ఉన్న కెమెరాలో అందరూ చూస్తుంటారు. నీళ్లు మాత్రం సీసాలో ముందే పెట్టుకుంటే తాగొచ్చు. మిగతా విషయం నేను అడగలేదు.

ఇంకొకటుంది. అట్ట. నిజం ర్యాలీల్లో కారు పాడైతే వెనక వచ్చేవాళ్లకు అట్ట చూపిస్తారట. క్లబ్ వాళ్లు కూడా అచ్చు వేయించుకున్నారు. ఒకవైపు పచ్చరంగులో 'క్షేమం', రెండోవైపు ఎర్రరంగులో 'సాయం'. పచ్చ చూపిస్తే వెనకవాళ్లు ఆగక్కర్లేదు. ఎర్ర చూపిస్తే పోటీ మొత్తం అక్కడికక్కడ ఆగిపోతుంది. తర్వాత బయలుదేరాల్సిన వాడు అదే ఊళ్లో ఉంటే స్వయంగా ఇంటికి పరిగెత్తాలి. ఈ రూలుకో కారణముంది. ఆ మధ్య ఒక సభ్యుడు పోటీ మధ్యలో నిజంగానే స్పృహ తప్పి స్టీరింగ్ మీద వాలిపోయాడు. కెమెరాలో చూసినవాళ్లంతా, ఎంత సహజంగా చేస్తున్నాడో అని మెచ్చుకుంటూ దాటిపోయారు. వాళ్లావిడ వచ్చి చూసింది కాబట్టి బతికాడు. అప్పటినుంచి, డ్రైవరు పలక్కపోతే దగ్గరున్నవాళ్లెవరైనా అట్ట ఎర్రవైపు తిప్పొచ్చని కూడా రూల్లో చేర్చారు. ఇదంతా నా కొడుకే గొప్పగా చెప్పాడు. నేను బాలికల హాస్టల్లో వార్డెన్‌గా చేసి రిటైరైన మనిషిని. రూలు ఒకసారి చెవిన పడితే మరిచిపోను.

ఇక నా కోడలు. ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేస్తుంది. మంచం దిగలేని వాళ్లను నిలబెట్టి నడిపించే పని. ఇళ్లకు వెళ్లి వైద్యం చేసే బృందం కొత్తగా పెడుతున్నారు, దానికి ఈమెనే పెద్దగా వేస్తామన్నారు. ఒకటే షరతు, కారు నడపడం రావాలి, లైసెన్సు ఉండాలి. సోమవారానికల్లా లైసెన్సు చూపించకపోతే వేరేవాళ్లకు ఇస్తామని పై మేడమ్ తెగేసి చెప్పింది. ఈ పిల్ల నోరు తెరిచి ఏదీ అడగదు. ఆ ఉద్యోగం మాత్రం నాకు కావాలి అత్తయ్యా అని నాతో అంది. అప్పుడామె మొహం చూసిన నాకు అది ఎలాగైనా రావాలనిపించింది.

నిజానికి లైసెన్సు ఎప్పుడో వచ్చి ఉండాల్సింది. మొదటిసారి నేర్పింది నా కొడుకు. డ్రైవింగ్ స్కూలు ఎందుకు, ఇంట్లో నేనుండగా అన్నాడు. ఎడంకాలితో బ్రేకు నొక్కడం, మలుపులో హ్యాండ్ బ్రేకు లాగి కారు వెనక భాగాన్ని విసరడం, ఇవీ వీడి పాఠాలు. ఆమె శ్రద్ధగా నేర్చుకుంది. టెస్టు రోజున ఆఫీసరు పక్కన కూర్చుని, అలా చివరిదాకా వెళ్లి మెల్లగా తిప్పుకుని రామ్మా అన్నాడు. ఆయన చెప్పిందే చేసింది, కాకపోతే మొగుడు నేర్పినట్టు చేసింది. కారు గిర్రున తిరిగి దుమ్ములో ఆగింది. ఆఫీసరు కళ్లజోడు వెనక సీటులో దొరికింది.

"ఎవరమ్మా నీకు నేర్పింది?" అని అడిగాడట ఆయన, తలుపు పట్టుకుని దిగుతూ.

"మా ఆయనండి."

"ఈసారి వచ్చేటప్పుడు ఆయన్ని తీసుకురా. ఒకసారి చూడాలి."

ఇంటికొచ్చి చెబితే నేను తల పట్టుకున్నాను. వీడు మాత్రం, "కారు పూర్తిగా తిరిగిందా, సగమే తిరిగిందా?" అని అడిగాడు.

తర్వాత ఆమె స్కూల్లో చేరి బుద్ధిగా నేర్చుకుంది. రెండో టెస్టు శనివారం పదకొండింటికి. కారు మనమే తీసుకెళ్లాలి, లైసెన్సు ఉన్నవాళ్లు పక్కన కూర్చోవాలి. స్కూలు మాస్టారు వస్తానన్నాడు. వీడికి పౌరుషం వచ్చింది. "మొగుడుండగా బయటివాడెందుకు?" అని ఫోన్ చేసి ఆయన్ని వద్దన్నాడు. అదే శనివారం పొద్దున క్లబ్ వాళ్ల మంచు పోటీ ఉందని మాకు శుక్రవారం తెలిసింది.

"పదింటికల్లా అయిపోతుంది. నువ్వు తయారై ఉండు," అన్నాడు కోడలితో. ఆమె నావైపు చూసింది. నేను పైకి చూశాను.

శనివారం పొద్దున వీడు ఉన్ని టోపీ పెట్టుకుని అడవిలోకి వెళ్లాడు. అక్కడ చలి కదా. గదిలో ఫ్యాను తిరుగుతోంది. బయలుదేరిన కాసేపటికే ఎడమ మలుపు దగ్గర మంచు గట్టుకు గుద్దుకున్నాడు. కారు పల్టీ కొట్టి గుంటలో పడింది. పెద్ద చప్పుడు, తర్వాత నిశ్శబ్దం. తొంగిచూస్తే తెరలో నాలుగు చక్రాలూ ఆకాశం వైపున్నాయి. వీడు చాలా గంభీరంగా అట్ట తీసి, కెమెరా ముందున్న క్లిప్పుకు పచ్చవైపు తగిలించి, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

పోన్లే, తొందరగానే అయింది, ఇక లేస్తాడు అనుకున్నాను. అంతలో రూలు గుర్తొచ్చింది. వీడి వెనక ఇంకా బోలెడు కార్లున్నాయి. చివరిది దాటేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ అవుతుంది.

కోడలు గుమ్మంలోకి వచ్చింది. ఇస్త్రీ బట్టలు, తాడు బిగించి కట్టిన బూట్లు, చేతిలో కారు తాళం.

"ఏమండీ, అయిపోయిందిగా. లేవండి, వెళ్దాం."

వాడు కదల్లేదు.

"ఏమండీ, టైమవుతోంది. ఇది పోతే మళ్లీ రెండు నెలల దాకా ఖాళీ లేదన్నారు. మేడమ్ అప్పటిదాకా ఆగదు. ఒక్కసారి లేవండి."

ఉలుకూ పలుకూ లేదు. మంచులో చిక్కుకున్న మనిషి ఎలా కూర్చోవాలో అలాగే కూర్చున్నాడు.

ఆమె లోపలికి వెళ్లి, చెయ్యి చాస్తే భుజం తగిలేంత దగ్గరలో వాడి వెనక నిలబడింది. తాళం చూపించింది. "మీరే కదండీ మాస్టార్ని వద్దన్నారు," అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు అంత బాధ కలిగేది కాదు. నేను గుమ్మంలోంచి తెరపైన ఉన్న అద్దం వైపు చూశాను. అద్దంలో వాడి కళ్లు. అవి ఒకసారి పైకి లేచి, ఆమెను చూసి, మళ్లీ గుంటలోని కారు మీదికి దిగాయి. హాస్టల్లో నిద్ర నటించే పిల్లల్ని రెప్పల కదలిక చూసి పట్టుకున్నదాన్ని నేను. వీడికి అన్నీ వినిపిస్తున్నాయి.

మాస్టారుకు ఫోన్ చేస్తే ఇంకెవరినో తీసుకుని ఊరవతలకి వెళ్లాడట. పక్కింటి తలుపు తట్టాను, ఎదురింటి తలుపు తట్టాను. ఒకరింట్లో తాళం, ఒకరికి లైసెన్సు లేదు. తిరిగి వచ్చేసరికి కోడలు హాల్లో స్టూలు మీద కూర్చుని బూట్ల తాళ్లు విప్పుతోంది.

"పోనీలెండి అత్తయ్యా," అంది.

ఆ మాటతో నా తిక్క రేగింది. ఏడ్చి ఉంటే ఓదార్చేదాన్ని, తిట్టి ఉంటే నేనూ నాలుగు కలిపేదాన్ని. పోనీలెండి ఏమిటి, ఎక్కడికి పోనిస్తాం? "ఆ తాళ్లు కట్టుకో," అని చెప్పి, నేరుగా అడవిలోకి నడిచాను. కెమెరా ముందుకు వంగి, క్లిప్పులోంచి అట్ట తీసి, ఎర్రవైపు తిప్పి పెట్టాను.

స్పీకరులో ఒక్కసారిగా గగ్గోలు పుట్టింది. తెర పక్కన చిన్న చిన్న గడుల్లో ఉన్న మొహాలన్నీ నోళ్లు వెళ్లబెట్టాయి. కార్లన్నీ ఎక్కడివక్కడ ఆగాయి. ఒక గడిలోని లావుపాటి ఆయన, "వస్తున్నా! వస్తున్నా!" అని అరుస్తూ లేచాడు, బెల్టు విప్పడం మరిచిపోయి మళ్లీ కూలబడ్డాడు, ఈసారి విప్పుకుని మాయమయ్యాడు. ఆయనకు రెండు వీధుల అవతల మందుల షాపుంది. వీడి తర్వాతి కారు ఆయనదే.

"అమ్మా!" అన్నాడు నా కొడుకు పళ్లు కొరుకుతూ, పైకి లేవబోతూ.

"కదలొద్దు!" అని స్పీకరులోంచి అధ్యక్షుడు కేకేశాడు. "మెడకి దెబ్బ తగిలుండొచ్చు! సాయానికి వచ్చినవాడు చూసి విడుదల చేసేదాకా డ్రైవరు కదలకూడదు. అది రూలు!"

"విన్నావుగా నాయనా, కదలకు," అన్నాను నేను. వాడు కదల్లేదు. అన్నం పెట్టిన తల్లి మాట కంటే అధ్యక్షుడి మాటకు బరువెక్కువ.

మందుల షాపాయన స్కూటరు మీద వచ్చాడు. తలకు హెల్మెట్, ఒంటికి మెడనుంచి మడమల దాకా ఒకటే ఎర్రటి రేసు సూటు, చంకలో బీపీ మిషను, భుజాన కట్ల సంచి. రొప్పుతూ లోపలికొచ్చి వీడి నాడి పట్టుకున్నాడు, కనురెప్పలు ఎత్తి చూశాడు, బీపీ కొలిచాడు.

"అన్నీ బాగానే ఉన్నాయి కదమ్మా?" అన్నాడు అయోమయంగా.

"ఆపద వాడికి కాదు బాబూ, దీనికి," అని కోడల్ని ముందుకు తోశాను. విషయం ఒక్క గుక్కలో చెప్పాను. "మీకు లైసెన్సుందా?"

"ఉందమ్మా. ఇళ్లకి మందులు నేనే కారులో తీసుకెళ్తాను." ఆయన నా కొడుకు వంక చూశాడు, కోడలి చేతిలో తాళం వంక చూశాడు, గోడ గడియారం వంక చూశాడు. "ఎర్ర అట్ట చూసి వచ్చినవాడు సాయం చెయ్యకుండా వెళ్లకూడదమ్మా. పద చెల్లెమ్మా."

"మరి నేను?" అన్నాడు నా కొడుకు, పెదవులు కదపకుండా.

ఆయన అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

తర్వాత జరిగింది కోడలు చెప్పింది. దారంతా ఆయన ఒక్క సలహా కూడా ఇవ్వలేదట. ఎక్కడైనా మలుపొస్తే హ్యాండిల్ గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకునేవాడట. నిజం కారు ఇరవై దాటితే ఆయనకు కళ్లు తిరుగుతాయి. టెస్టు దగ్గర అదే ఆఫీసరు ఉన్నాడు. ఆమెను గుర్తుపట్టి, ముందు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత పక్క సీటులోంచి దిగుతున్న ఎర్ర సూటును, హెల్మెట్‌ను కిందికీ పైకీ చూశాడు.

"ఈయనేనా మీ ఆయన?"

"కాదండి. ఈయన నన్ను కాపాడటానికి వచ్చారు."

ఆఫీసరు కారెక్కి బెల్టు గట్టిగా బిగించుకున్నాడు. ఈసారి ఆమె మెల్లగా వెళ్లి, మెల్లగా తిప్పుకుని, మెల్లగా వచ్చింది. పాసైంది. ఇంటికొచ్చి కాగితం నా చేతిలో పెట్టి, నా భుజం మీద తల ఆనించి అప్పుడు ఏడ్చింది. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. అడవిలోంచి, "అన్నయ్యగారు వచ్చారా? నన్ను విడుదల చెయ్యమనండి!" అని అరుపు వినిపించింది. మందుల షాపాయన నాలిక కరుచుకుని లోపలికి పరిగెత్తాడు.

సాయంత్రం కమిటీ తెర మీద కూర్చుంది. ఎర్ర అట్టతో పోటీ రద్దయినందుకు కొందరు పళ్లు నూరుతున్నారు. అట్ట అబద్ధమని తేలితే నా కొడుకు ఈ ఏడాదికి క్లబ్ గుమ్మం తొక్కకూడదు. నిజమని తేలితే పోటీ మళ్లీ పెడతారు, వీడికీ మళ్లీ అవకాశం వస్తుంది. వీడి మొహంలో నెత్తురు చుక్క లేదు. పెళ్లినాడు కూడా అంత కంగారు పడలేదు.

"అట్ట తిప్పిందెవరు?" అన్నాడు అధ్యక్షుడు.

"నేను," అని వీడి పక్కకు కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "డ్రైవరు పలక్కపోతే దగ్గరున్నవాళ్లు తిప్పొచ్చని మీ రూలే కదా. కట్టుకున్న భార్య మూరెడు దూరంలో నిలబడి, లేవండి, నా ఉద్యోగం పోతుంది అని బతిమాలింది. మనిషిలో చలనం లేదు. మా హాస్టల్లో ఏ పిల్లయినా అలా ఉంటే అంబులెన్సు పిలిచేదాన్ని. మీరైతే ఏమనుకునేవాళ్లు?"

గడుల్లో గుసగుసలు మొదలయ్యాయి. కొందరి వెనక వాళ్ల భార్యలు కూడా వచ్చి నిలబడ్డారు. అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు.

"అయితే డ్రైవరుగారే చెప్పాలి. మీ శ్రీమతి మాటలు మీకు వినపడ్డాయా, లేదా? వినపడి కూర్చున్నట్టయితే అట్ట అబద్ధం. వినపడకపోతే నిజం."

కోడలు వెనక గుమ్మంలో, ఉతికిన తువ్వాళ్లు చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. వాడు తలెత్తాడు. అద్దంలో ఆమెను చూశాడు. తర్వాత కెమెరా వైపు తిరిగాడు.

"వినపడలేదండి," అన్నాడు. "తలకి దెబ్బ తగిలినట్టుంది. అసలేమీ వినపడలేదు."

అట్ట నిజమేనని కమిటీ తీర్మానించింది. గడుల్లో చప్పట్లు మోగాయి. వాడు బెల్టు విప్పుకుని ఉత్సాహంగా లేచాడు. "గండం గడిచిందమ్మా!" అని నాతో చెయ్యి కలపబోయాడు. నేను కలపలేదు.

"నిజంగా వినపడలేదా?" అంది కోడలు.

"ఛ, అది వాళ్లకి చెప్పిన మాట. లేకపోతే క్లబ్‌లోంచి తీసేస్తారు కదా," అని నవ్వాడు. "నాకెందుకు వినపడదు? నువ్వన్నదంతా విన్నాను."

"అంతా విన్నారన్నమాట," అంది ఆమె. తువ్వాళ్లు మడతపెట్టుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. వాడు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, బోల్టులు బిగించుకోవడానికి కూర్చున్నాడు.

సోమవారం పొద్దున వాన మొదలైంది. అడవి గది ఊడుస్తుంటే క్లిప్పు ఖాళీగా కనిపించింది. అట్ట లేదు. బయట కారు స్టార్టయిన చప్పుడు వినిపించి కిటికీ దగ్గరకు వెళ్లాను. కోడలు స్టీరింగ్ దగ్గర కూర్చుని బెల్టు పెట్టుకుంటోంది. ఒళ్లో లైసెన్సు కాగితం. వాడు క్యారేజీ, సంచీ పట్టుకుని వానలో మెట్లు దిగుతున్నాడు. రోజూ ఆ కారులో ఆఫీసుకు వెళ్లేది వాడే.

"ఆగు, ఆగు! నన్ను ఆఫీసు దగ్గర దింపేసి వెళ్లు!"

ఆమె అద్దం సరిచేసుకుంది. కారు మెల్లగా కదిలింది.

"ఏయ్, ఆగమంటున్నానా! నాకు టైమవుతోంది!"

కారు కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. చేతిలో అట్ట, పచ్చవైపు. వీధి మలుపు దాకా ఆ చెయ్యి అలాగే చాచి ఉంది. మలుపు దగ్గర కారు వెనక ఇండికేటరు లైటు వెలిగింది, కారు పద్ధతిగా తిరిగింది, కనిపించకుండా పోయింది.

వాడు నీళ్లోడుతూ లోపలికొచ్చాడు. క్యారేజీలోకి కూడా వాన పోయింది.

"ఇంజన్ చప్పుడుకి వినపడినట్టు లేదమ్మా," అన్నాడు.

"అద్దంలో నిన్ను చూసింది నాయనా, మొన్న నువ్వు దాన్ని చూసినట్టే," అని గొడుగు చేతికిచ్చి పంపించాను.